మొదటిసారి ఎల్‌సీఎల్‌లో అమెరికాకి లేస్: బావ చేత ఐఎస్ఎఫ్ వేయించేదెలా?

నరసాపురం దారం | శనివారం, రాత్రి 9:40

నమస్కారమండి. మాది నరసాపురం పక్క ఊరు. అమ్మ ముప్ఫై ఏళ్ళుగా లేస్ పని చేయిస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకి దారం తూచి ఇస్తాం. వాళ్ళు ఇంటి దగ్గర అల్లి తెస్తే మళ్ళీ తూచి తీసుకుంటాం. మా షెడ్డులో ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ముక్కలు కలిపి కుట్టి ప్యాక్ చేస్తాం. ఇన్నాళ్ళూ ఆ సరుకంతా ఊళ్ళో పెద్ద ఎక్స్‌పోర్టర్లకే వేసేవాళ్ళం. అక్కడి నుంచి అది ఏ దేశం పోతుందో, ఎవరి పేరుతో పోతుందో మాకు తెలిసేది కాదు.

ఈసారి మొదటిసారి మా పేరుతోనే పంపుతున్నాం. కొనేది మా బావ, అంటే అక్క భర్త. టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటూనే చిన్న కంపెనీ పెట్టాడు. టేబుల్ క్లాత్‌లు, బెడ్‌స్ప్రెడ్‌లు, కొంత గజాల లేస్, అన్నీ కలిపి 38 కార్టన్లు. కంటైనర్ నిండదు కాబట్టి వైజాగ్ నుంచి ఎల్‌సీఎల్, అంటే ఇంకొందరి సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో.

నిన్న ఫార్వర్డర్, అంటే సరుకు ఓడ ఎక్కించే ఏజెంట్ దగ్గర్నుంచి ఒక్క ముక్క మెయిల్ వచ్చింది. "బయ్యర్ ఐఎస్ఎఫ్ సంగతి కన్ఫర్మ్ చేయండి, అప్పుడే కార్టింగ్" అని. ఐఎస్ఎఫ్ అంటే సరుకు ఓడ ఎక్కకముందే అమెరికా కస్టమ్స్‌కి వివరాలు ఇచ్చే ఫారం అట, కార్టింగ్ అంటే సరుకు గోడౌన్‌లో దించుకోవడం. బావకి ఫోన్ చేస్తే "అదేదో షిప్పింగ్ వాళ్ళది కదా అమ్మడూ, మీవైపే చూసేసుకోండి" అన్నాడు. ఫార్వర్డర్‌ని అడిగితే "అది ఇంపోర్టర్ పని మేడమ్" అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి.

ఫారం ఒకటి పంపారు, పది గడులు. అందులో మాన్యుఫాక్చరర్ అని ఉంది. అల్లింది అరవై మంది ఆడవాళ్ళు, ఎవరి పేరు రాయాలి? కంటైనర్ స్టఫింగ్ లొకేషన్ అని ఉంది. మేం కంటైనర్ మొహమే చూడం, లారీలో కార్టన్లు ఎక్కించి పంపడం వరకే. బయ్యర్ అంటే బావా, బావ కంపెనీనా? అక్కేమో ఎక్కడో 5,000 డాలర్ల ఫైన్ అని చదివి, "ఈ వ్యాపారం మనకెందుకే" అని మొదలుపెట్టింది. గురువారం లారీ మాట్లాడాం. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రావులపాలెం అరటి | శనివారం, రాత్రి 10:15

ఇంత టెన్షన్ ఎందుకండీ. ఇన్వాయిసూ ప్యాకింగ్ లిస్టూ అమెరికాలో కస్టమ్స్ బ్రోకర్‌కి పడేయమనండి, అంతా ఆయనే చూసుకుంటాడు. మా తమ్ముడి ఫ్రెండ్ వాళ్ళు అలాగే చేస్తారు.

పాత ఫైలు | ఆదివారం, ఉదయం 7:05

అరటి గారూ, బ్రోకర్ చూసుకుంటాడన్నది నిజమే. చూసుకోడానికి ఆయనకి ఎవరో ఒకరు చూపించాలి కదండి. ఆయన కూర్చునేది హ్యూస్టన్‌లో, షెడ్డు ఉండేది నరసాపురం పక్కన.

అమ్మా, నేను భీమవరంలో రొయ్యల ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాను. లేస్ గురించి నాకు తెలిసింది మా ఆవిడ టీవీ మీద కప్పే గుడ్డ వరకే. ఈ ఫారంతో మాత్రం పాత పరిచయం. కాస్త పొడుగ్గా రాస్తాను, కాఫీ పెట్టుకుని చదవండి.

ముందు ఎవరి పని అన్నది తేల్చేద్దాం. ఇంపోర్టర్ పనే. మీ ఫార్వర్డర్ చెప్పింది కరెక్టు. 2001 దాడుల తరవాత, ఓడ బయల్దేరకముందే పెట్టెల్లో, అంటే కంటైనర్లలో ఏముందో తెలియాలని అమెరికా కస్టమ్స్ పట్టుబట్టింది. 2002లో షిప్పింగ్ లైన్ల మీద 24 గంటల మేనిఫెస్ట్ రూల్ పెట్టారు, అంటే సరుకు జాబితా ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే ఇవ్వాలి. 2006లో పోర్టుల భద్రతకి ఒక చట్టం చేసి, దాని కింద ఇంపోర్టర్‌నీ ఇందులోకి లాగారు. 2009 జనవరి 26 నుంచి ఐఎస్ఎఫ్ అమల్లోకి వచ్చింది. మొదటి ఏడాది చూసీచూడనట్టు పోయారు, 2010 జనవరి నుంచి గట్టిగా పట్టుకున్నారు. దీన్నే టెన్ ప్లస్ టూ అంటారు. పది వివరాలు ఇంపోర్టర్ ఇవ్వాలి, రెండు షిప్పింగ్ లైన్ ఇవ్వాలి. ఆ రెండూ ఓడలో ఏ పెట్టె ఎక్కడ పేర్చారు, ఆ పెట్టె ఎప్పుడు ఎక్కడ కదిలింది అన్నవి. వాటితో మనకి పనిలేదు.

మా ఫ్యాక్టరీకి ఇది మొదటిసారి ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. బయ్యర్ రెండు పేజీల ఫ్యాక్స్ పంపాడు. ఎక్కడ ప్యాక్ చేస్తారు, ఎవరు ప్యాక్ చేస్తారు అని ప్రశ్నలు చూసి, మా మేనేజర్ గారు అది క్వాలిటీ వాళ్ళ ప్రశ్నపత్రం అనుకుని ల్యాబ్ ట్రేలో పడేశారు. వారం తరవాత బయ్యర్ ఫోన్ చేసి అరిస్తే, యాంటీబయాటిక్ రిపోర్టుల అడుగున దొరికింది.

అప్పుడు నేర్చుకున్నదే ఇప్పుడూ చెబుతున్నాను. సంతకం ఇంపోర్టర్‌ది, ఫైన్ ఇంపోర్టర్‌ది, కానీ సమాచారం సగానికి పైగా ఇక్కడ ఉంటుంది. మీ పది గడులనే తీసుకోండి. నాలుగు టెక్సాస్‌లో ఉన్నాయి, నాలుగు మీ షెడ్డులో ఉన్నాయి, రెండు విశాఖలో ఉన్నాయి. మూడు చోట్లవీ ఒక కాగితం మీదకి తెచ్చే మనిషి లేకపోతే బ్రోకర్ ఎంత గొప్పవాడైనా ఖాళీ ఫారమే.

టెక్సాస్‌వి: బయ్యర్ పేరు, ఇంపోర్టర్ నంబరు, కన్సైనీ (సరుకు అందుకునేవారి) నంబరు, సరుకు చివరికి దిగే చిరునామా. బయ్యర్ అంటే మీ బావగారు కాదమ్మా, ఆయన కంపెనీ. కంపెనీకి అక్కడి పన్ను శాఖ ఇచ్చిన ఈఐఎన్ నంబరు ఉంటుంది. ఇంపోర్టర్ నంబరు అదే, కన్సైనీ నంబరు కూడా మీ కేసులో అదే. ఈఐఎన్ కాగితం మీద కంపెనీ పేరు ఎలా ఉందో, చివర ఎల్ఎల్‌సీ తో సహా, మీ ఇన్వాయిస్ మీద అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. సరుకు దిగే చోటు వాళ్ళింటి గ్యారేజీ అయితే ఇంటి అడ్రసే ఇవ్వాలి. ఆఫీసు పోస్ట్ బాక్స్ ఇవ్వకూడదు.

మీ షెడ్డువి: అమ్మేవారు, తయారుచేసినవారు, ఏ దేశపు సరుకు, హెచ్ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే కస్టమ్స్ నంబరు). అమ్మేవారు మీరు. దేశం ఇండియా. తయారీదారు దగ్గర మీకొచ్చిన సందేహం మంచి సందేహం. రూల్ అడిగేది సరుకుని చివరిగా తయారుచేసిన, కూర్చిన, లేదా పండించిన వారి పేరు, చిరునామా. లేదంటే సరుకు బయల్దేరే దేశంలో దాన్ని తయారు రూపంలో సప్లై చేసినవారి పేరైనా ఇవ్వొచ్చు. అరవై మంది పేర్లు ఎవరూ అడగరు. ముక్కలు కలిపి కుట్టి, పూర్తి చేసి, సప్లై చేసేది మీ యూనిట్ కాబట్టి మీ యూనిట్ పేరు, షెడ్డు ఉన్న చోటి చిరునామా రాయొచ్చు. ఒక్క జాగ్రత్త. బట్టల కింద వచ్చే సరుకుకి, అక్కడ దిగాక వేసే ఎంట్రీలో తయారీదారు కోడ్ ఒకటి విడిగా అడుగుతారు, దాని రూల్ ఇంకాస్త కఠినం. ఇళ్ళలో అల్లిస్తాం, షెడ్డులో పూర్తి చేస్తాం అన్న సంగతి బావగారు బ్రోకర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి, ఏం రాయాలో ఆయన చేతే చెప్పించుకోమనండి. రెండుచోట్లా ఒకే మాట ఉండాలి.

హెచ్ఎస్ కోడ్ ఆరు అంకెలు చాలు. మీరు ఇన్వాయిస్ మీద అన్నిటికీ కలిపి 'కాటన్ లేస్ గూడ్స్' అని ఒక్క లైను కొట్టి ఉంటారని నా అనుమానం. అలా పనికిరాదు. చేత్తో అల్లిన గజాల లేస్‌కి 5804.30, క్రోషె టేబుల్ క్లాత్‌లకి 6302.40, క్రోషె బెడ్‌స్ప్రెడ్‌లకి 6304.11. మూడూ మూడు లైన్లు. బ్రోకర్‌కి ఫోటోలు పంపి ఖాయం చేసుకోండి. డ్యూటీ కట్టేది ఆయన చెప్పిన కోడ్ మీదే కాబట్టి ఆఖరి మాట ఆయనది.

విశాఖవి: పెట్టెలో సరుకు పేర్చిన చోటు, పేర్చినవారు. అవి మీ ఫార్వర్డర్ ఇవ్వాలి. మీకు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు, కానీ అడిగి రాబట్టాలి. ఈ రెండిటికీ రూల్‌లో కాస్త వెసులుబాటు ఉంది, ఓడ అమెరికా చేరడానికి 24 గంటల ముందు వరకూ ఇవ్వొచ్చు. మిగతా ఎనిమిదీ సరుకు ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే పడాలి. బ్రోకర్లు మూడు రోజుల ముందే అడుగుతారు, వాళ్ళ భయం వాళ్ళది.

ఆ స్టఫింగ్ లొకేషన్ గడిని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి నా సొంత గొడవ ఒకటి చెబుతాను. పేర్లు వద్దు. సీజన్ పీక్‌లో మా కోల్డ్ స్టోరేజీ నిండిపోయింది. ఒక ఆర్డర్‌లో సగం సరుకు పాతిక కిలోమీటర్ల అవతల ఇంకొకరి ప్లాంట్‌లో ఉంచాం. కంటైనర్ మా గేటులోకే వస్తుందనుకుని బయ్యర్‌కి ఐఎస్ఎఫ్ షీటు మా అడ్రసుతో పంపేశాను. తీరా ఆ రోజు కరెంటు గొడవేదో వచ్చి కంటైనర్‌ని నేరుగా ఆ రెండో ప్లాంట్‌కి మళ్ళించారు. మా సరుకే ఇన్సులేటెడ్ వ్యాన్‌లో అక్కడికి వెళ్ళింది. రాత్రి రెండు గంటలకి నేను కూడా అక్కడే ఉన్నాను. యాంటీరూమ్ గుమ్మంలో నిలబడి టాలీ షీటు, అంటే ఎక్కిన సరుకు లెక్క రాస్తుంటే, చలికి బాల్‌పెన్ రాయదు, చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి మళ్ళీ రాయాలి. సీలు నంబరు మూడుసార్లు చదివి రాసుకున్నాను. ఆ షీటు నెత్తిన ప్లాంట్ పేరు అచ్చులో ఉంది, మాది కాదు, వాళ్ళది. దాని కిందే సంతకం పెట్టి, తెల్లారి ఇంటికొచ్చి పడుకున్నాను. ఐఎస్ఎఫ్ షీటులో పాత అడ్రసు ఉందన్న సంగతి తట్టనే లేదు.

అక్కడ పెట్టెని ఆపారు. ఎందుకు ఆపారో కస్టమ్స్ వాళ్ళు ఎప్పుడూ చెప్పరు, అడ్రసు వల్లే అని నేను గుండె మీద చెయ్యేసి చెప్పలేను. కానీ బ్రోకర్ కాగితాలన్నీ ముందేసుకుని మొదట అడిగిన ప్రశ్న, "మీ సరుకు ఎక్కడ ఎక్కింది?" అనే. ఎక్స్-రే, తరవాత విప్పి చూడటం, ఆ రోజులన్నిటికీ రీఫర్ (చల్లగా ఉంచే) పెట్టెకి కరెంటు చార్జీలు. బిల్లు ఇంపోర్టర్‌కి వెళ్ళింది. ఆయన నోరెత్తకుండా మా తరవాతి పేమెంట్‌లో కోసుకున్నాడు. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. గేటులో పెట్టె తలుపు మూసి సీలు వేశాక, టాలీ షీటు ఫోటో తీసి, దాని పక్కన ఐఎస్ఎఫ్ కాపీ పెట్టి, రెండూ కలిపి బయ్యర్‌కి పంపుతాను. ఆ తరవాతే ఇంటికి.

మీ లేస్‌కి కరెంటు చార్జీలు ఉండవు, అదృష్టవంతులు.

బావగారితో ఇవాళే మాట్లాడండి, ఆదివారం కదా, ఇంట్లో ఉంటారు. అడగాల్సినవి: ఈఐఎన్ ఉందా, ఆ నంబరుతో కస్టమ్స్‌లో 5106 ఫారం వేసి ఇంపోర్టర్‌గా నమోదయ్యారా, బ్రోకర్‌కి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారా, బాండ్, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే హామీ పత్రం తీసుకున్నారా. బాండ్ లేకుండా ఐఎస్ఎఫ్ పడదు. ఏడాది పొడుగునా పనికొచ్చే బాండ్ కనీసం 50,000 డాలర్లకి రాస్తారు. అంటే అంత డబ్బు కట్టాలని కాదు, దాని మీద ప్రీమియం కట్టాలి. ఒక్కసారికే అయితే విడిగా ఐఎస్ఎఫ్ బాండ్ కూడా దొరుకుతుంది. ఏడాదిలో రెండు మూడుసార్లు తెప్పించే ఆలోచన ఉంటే మొదటిదే నయం. ఈ నాలుగూ లేకుండా గురువారం లారీ ఎక్కించొద్దు. గురువారం కాకపోతే వచ్చే గురువారం. లేస్ కుళ్ళిపోదు.

అక్కగారు చదివిన 5,000 డాలర్లు నిజమే, ఒక్కో ఉల్లంఘనకి అంత వరకూ వేయొచ్చు. వేయకపోయినా, ఆలస్యంగా వేసినా, తప్పుగా వేసినా. భయపెట్టి వ్యాపారం మాన్పించడానికి చెప్పట్లేదు. బావగారికి ఈ అంకె ఒకసారి వినిపిస్తే "మీవైపే చూసుకోండి" అన్న మాట మళ్ళీ రాదు.

కొబ్బరిపీచు | ఆదివారం, సాయంత్రం 6:30

పాత ఫైలు గారికి దండం. నేను అటువైపు మనిషిని. పుట్టింది రాజోలు దగ్గర, ఉండేది న్యూజెర్సీలో. కోనసీమ నుంచి కొబ్బరిపీచు తివాచీలు తెప్పిస్తాను, నేనూ ఎల్‌సీఎల్‌తోనే మొదలుపెట్టాను. మీ బావగారిలాగే నేనూ "అది షిప్పింగ్ వాళ్ళది కదా" అన్నవాణ్ణే, కాబట్టి ఆయన్ని ఎక్కువ తిట్టకండి.

పైన రాని సంగతి ఒకటి. పది గడులు కరెక్టుగా నింపినా, పదకొండోది ఒకటి దాక్కుని ఉంటుంది. అదే బిల్లు నంబరు. ఐఎస్ఎఫ్ ఏ సరుకుదో కస్టమ్స్ కంప్యూటర్‌కి తెలియాలంటే, షిప్పింగ్ వైపు నుంచి వెళ్ళిన మేనిఫెస్ట్‌లో, అంటే ఏఎంఎస్‌లో ఏ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు తీసుకున్నట్టు ఇచ్చే రవాణా రసీదు) నంబరు ఉందో సరిగ్గా అదే మీ ఐఎస్ఎఫ్‌లో ఉండాలి. ముందు నాలుగక్షరాల కంపెనీ కోడ్‌తో సహా.

ఎల్‌సీఎల్‌లో గొడవేంటంటే బిల్లు మీద బిల్లు ఉంటుంది. మీ ఫార్వర్డర్ మీకొక హౌస్ బిల్లు ఇస్తాడు. ఆయన సొంతంగా పెట్టె నింపడు, ఇంకో పెద్ద కన్సాలిడేటర్‌కి అప్పజెబుతాడు. ఆ కన్సాలిడేటర్ ఇంకో నంబరు వేస్తాడు. దాని మీద ఓడ కంపెనీ మాస్టర్ బిల్లు. ఏఎంఎస్‌లోకి వెళ్ళింది వీటిలో ఏది? నా మొదటి సరుకుకి ఫార్వర్డర్ ఇచ్చిన నంబరే బ్రోకర్‌కి ఇచ్చాను. "యాక్సెప్టెడ్" అని వచ్చింది. హమ్మయ్య అనుకుని బీచికి వెళ్ళాను. యాక్సెప్టెడ్ వేరు, బిల్లు మ్యాచ్ అవ్వడం వేరు అని నాకు ఎవరూ చెప్పలేదు. పది రోజులు అలాగే గాల్లో ఉంది. ఓడ దగ్గర పడ్డాక బ్రోకర్ ఆఫీసులో ఒకమ్మాయి చూసి, వైజాగ్‌కి అర్ధరాత్రి మెయిల్స్ కొట్టి అసలు నంబరు పట్టుకుంది. ఆ అమ్మాయి చూడబట్టి సరిపోయింది.

కాబట్టి ఫార్వర్డర్‌ని "హౌస్ బిల్ నంబర్ ఎంత?" అని అడక్కండి. "ఏఎంఎస్‌లో ఫైల్ చేసే బిల్ నంబర్ ఎంత, ఎవరి కోడ్‌తో?" అని మెయిల్‌లో అడగండి. జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్లో చెప్పే నంబర్లలో సున్నాకీ 'ఓ' కీ తేడా ఉండదు. బావగారు బ్రోకర్‌ని "బిల్ మ్యాచ్ అయిందా?" అని అడగాలి, ఆ రెండు మాటలే.

ఇంకోటి, ఎల్‌సీఎల్ పెట్టెలో మనతో పాటు ఇంకో పది మంది సరుకు ఉంటుంది. అందులో ఒకరి కాగితం తేడా కొట్టి పెట్టె ఆగితే అందరిదీ ఆగుతుంది. మనది బాగున్నా ఆగొచ్చు. బావగారు మొదటి సరుకునే పండగ అమ్మకాలకి తేదీ ఖాయం చేసేసుకుంటే కష్టం, రెండు మూడు వారాలు చేతిలో ఉంచుకోమనండి.

హార్బర్ గేట్ | సోమవారం, ఉదయం 11:20

విశాఖలో కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పనిచేస్తాను, మాది అమలాపురం. రెండు ముక్కలు.

టైము విషయంలో చాలామంది కంగారుపడతారు. ఇక్కడి నుంచి మీ పెట్టె మామూలుగా నేరుగా అమెరికా వెళ్ళదు. ఫీడర్ ఓడ మీద కొలంబోనో సింగపూరో వెళ్ళి, అక్కడ పెద్ద ఓడ ఎక్కుతుంది. 24 గంటల లెక్క అమెరికా వెళ్ళే ఆ పెద్ద ఓడ ఎక్కడానికి ముందు. కాబట్టి ఇక్కడ లారీ దిగేసరికి కొంప మునిగిపోదు. అలాగని ఆ లెక్క చూసుకుని ఆగకండి, ఫీడర్ కదలకముందే వేయించేయండి. ఒకసారి సరుకు ఇక్కడి నుంచి పోయాక ఎవరూ ఫోన్ ఎత్తరు.

రెండోది, కొన్ని ఎల్‌సీఎల్ పెట్టెలు దారిలో మళ్ళీ విప్పుతారు. సింగపూర్ గోడౌన్‌లో దించి, అమెరికా సరుకంతా వేరే పెట్టెలోకి మారుస్తారు. అలాంటప్పుడు అమెరికా చేరే పెట్టెలో సరుకు ఎక్కింది అక్కడ కదా. "పెట్టె ఇక్కడి నుంచి అలాగే వెళ్తుందా, మధ్యలో మారుస్తారా?" అని ఫార్వర్డర్‌ని ముందే అడగండి. మారుస్తామంటే ఆ గోడౌన్ పేరూ అడ్రసూ బ్రోకర్‌కి చేరాలి.

మన వైపు కస్టమ్స్‌కి వేసే షిప్పింగ్ బిల్లులో హెచ్ఎస్ కోడ్‌లు కూడా మూడు లైన్లుగానే వేయించండి. రెండు దేశాల కాగితాల్లోనూ మొదటి ఆరు అంకెలు ఒకేలా ఉంటే ఎవరికీ తలనొప్పి ఉండదు. కార్టన్ల మీద నంబర్లు వరసగా రాయండి, ఏ నంబరులో బెడ్‌స్ప్రెడ్‌లో ప్యాకింగ్ లిస్టులో తెలియాలి.

నరసాపురం దారం | సోమవారం, రాత్రి 10:50

అందరికీ చాలా థ్యాంక్సండి. పాత ఫైలు గారూ, మీ అనుమానం నిజమే, ఇన్వాయిస్ మీద 'కాటన్ లేస్ గూడ్స్' అని ఒక్క లైనే ఉంది. సిగ్గేసింది, మార్చాను.

బావతో నిన్న గంటన్నర మాట్లాడాను. ఈఐఎన్ ఉంది, బ్రోకర్ లేడు, బాండ్ అంటే ఏమిటో తెలియదు. 5,000 డాలర్ల మాట చెప్పగానే అటుపక్క కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తరవాత ఆయనే పెన్ను తెచ్చుకున్నాడు. ఇవాళ అక్కడ ఒక బ్రోకర్‌తో మాట్లాడాడట, 5106, పవర్ ఆఫ్ అటార్నీ, ఏడాది బాండ్ మూడూ ఈ వారం అవుతాయన్నారు. లారీ వచ్చే గురువారానికి మార్చేశాం.

ఫార్వర్డర్‌కి మెయిల్‌లో రెండు ప్రశ్నలూ పెట్టాను. పెట్టె మధ్యలో మారదన్నారు. ఏఎంఎస్ నంబరు అడిగితే మాత్రం "మీకు ఇవన్నీ ఎవరు చెప్పారు మేడమ్?" అని ఫోన్ చేశారు :)

ఒక చిన్న సందేహం. అమ్మ పేరు మీద జీఎస్‌టీ ఇంటి అడ్రసుతో ఉంది. షెడ్డు వేరే వీధిలో. ఐఎస్ఎఫ్‌లో ఏది రాయాలి?

పాత ఫైలు | మంగళవారం, ఉదయం 6:45

అమ్మేవారి గడిలో ఇన్వాయిస్ మీద ఉన్న అడ్రసు, తయారీదారు గడిలో షెడ్డు అడ్రసు. రెండు గడులు రెండు ప్రశ్నలు కదమ్మా. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే గంజి వాసన ఎక్కడ వస్తుందో ఆ అడ్రసు. వీలు చూసుకుని షెడ్డుని జీఎస్‌టీలో అదనపు చోటుగా చేర్పించేయండి, అది వేరే తలనొప్పి తప్పిస్తుంది.

తప్పు దొర్లితే కూడా దిద్దుకోవచ్చు, అది మర్చిపోవద్దు. తయారీదారు, దిగే చిరునామా, దేశం, కోడ్, ఈ నాలుగిటికీ అప్పటికి తెలిసినంతలో వేసి, తరవాత సరైన వివరం రాగానే మార్చే వీలు రూల్‌లోనే ఉంది. మార్చాల్సింది ఓడ అమెరికా చేరడానికి కనీసం 24 గంటల ముందే. తెలిసీ దాచిపెట్టుకోవడమే ప్రమాదం.

రావులపాలెం అరటి | మంగళవారం, ఉదయం 9:30

ఒప్పుకున్నానండి, బ్రోకర్ ఒక్కడే చూసుకోడు. విమానంలో పంపితే కూడా ఇదంతా ఉంటుందా?

హార్బర్ గేట్ | మంగళవారం, ఉదయం 9:55

ఐఎస్ఎఫ్ సముద్రం సరుకుకే. విమానానికి ముందస్తు వివరాల పద్ధతి వేరు, అది ఎయిర్‌లైనూ ఫార్వర్డరూ చూస్తారు. మీ అరటిపళ్ళకి ఎలాగూ ఓడ కంటే లారీయే నయం గురూగారూ.

నరసాపురం దారం | మూడు వారాల తరవాత, శుక్రవారం, రాత్రి 8:20

అప్‌డేట్ ఇస్తానన్నాను కదా. సరుకు బయల్దేరింది. లారీ ఎక్కించిన రోజు 38 కార్టన్లకీ నంబర్లు అమ్మే స్వయంగా మార్కర్‌తో రాసింది. 17కీ 18కీ మధ్య ఒకటి తడబడితే, కార్టన్ విప్పించి బెడ్‌స్ప్రెడ్‌లు లెక్కపెట్టించి మళ్ళీ టేపు వేయించింది. ఫీడర్ కదలడానికి రెండు రోజుల ముందే బావ ఐఎస్ఎఫ్ వేయించాడు. మొదట యాక్సెప్టెడ్ వచ్చింది. కొబ్బరిపీచు గారు చెప్పినట్టు అక్కడితో ఆగకుండా రోజూ బ్రోకర్‌ని అడిగాడట. నాలుగో రోజు "బిల్ మ్యాచ్" అని వచ్చింది. స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెడితే, అదేంటో తెలియకుండానే మా పెదనాన్న దండం బొమ్మ పెట్టారు.

అక్క ఇప్పుడు "ఈ వ్యాపారం మనకెందుకే" అనడం మానేసి, చంటిపిల్లల క్రోషె టోపీలు 200 కావాలంటోంది. అవి కూడా ఈ మూడు కోడ్‌లలోనే వస్తాయాండీ?

పాత ఫైలు | శుక్రవారం, రాత్రి 9:10

రావమ్మా. టోపీలు 65వ చాప్టర్, 6505. ఇన్వాయిస్ మీద 'లేస్' అన్న మాట రాయకుండా 'క్రోషె టోపీలు, కాటన్' అని రాయండి. దారం తూచి ఇవ్వకముందే బావగారి బ్రోకర్‌కి ఒక టోపీ ఫోటో పంపించండి.